పోర్టల్‌లో 4,200 డాక్యుమెంట్లు, మిగిలిందెంత?

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో మాది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ కంపెనీ. పద్నాలుగు నెలల కిందట నాలెడ్జ్ పోర్టల్ (ఉద్యోగులు తమకు తెలిసిన పరిష్కారాలు రాసి ఉంచే వెబ్‌సైట్) పెట్టాం. 4,200 డాక్యుమెంట్లు చేరాయి. నెలకోసారైనా లాగిన్ అయ్యేవాళ్లు 70 శాతం ఉన్నారు. అయినా మా ఎండీ గారు ‘దీనివల్ల మనకు మిగిలిందేమిటి’ అని అడుగుతున్నారు. ఏం చూపించాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ రెండు అంకెలూ పక్కన పెట్టండి. డాక్యుమెంట్ల సంఖ్య మీవాళ్లు ఎన్ని గంటలు రాశారో చెబుతుంది, అంటే అది ఖర్చు పద్దులోకి వెళ్లాల్సిన అంకె. లాగిన్ అంటారా, అటెండెన్స్ పేజీ కూడా అదే పోర్టల్‌లో ఉంటే నూటికి నూరు శాతం వస్తుంది! అమెరికాలో నాసాకు ‘నేర్చుకున్న పాఠాల’ డేటాబేస్ ఏళ్ల తరబడి ఉంది. 2012లో అక్కడి ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఆరా తీస్తే, ప్రాజెక్టు మేనేజర్లు దాన్ని తెరిచి చూసేదీ అరుదే, అందులో రాసేదీ అరుదే అని తేలింది.

కంపెనీ మొత్తానికి ఒకేసారి లెక్క కట్టబోకండి. ఒక్క పనిని పట్టుకోండి. మీకైతే, ఇదివరకు ఎవరో ఒకరు పరిష్కరించిన సమస్యే మళ్లీ వచ్చిన టికెట్లు, అంటే కస్టమర్ల నుంచి నమోదైన ఫిర్యాదులు, సరిపోతాయి. పోర్టల్ రాకముందు ఆ పనికి ఎంతసేపు పట్టేదో మీ టికెట్ టూల్‌లోనే ఉంటుంది. మూడు నెలల డేటా తీయండి, కస్టమర్ జవాబు కోసం ఆగిన సమయాన్ని మాత్రం తీసేయండి. ఇక్కడే చాలామంది పొరపడతారు: గొడవలు ముదిరి టికెట్లు పేరుకుపోయిన నెలనే ‘ముందు’ అని చూపిస్తారు. అంత చెడ్డ నెల తర్వాత పోర్టల్ లేకపోయినా పరిస్థితి కొంత తేరుకుంటుంది, ఆ మెరుగును పోర్టల్ ఖాతాలో వేసుకోకూడదు.

ఇప్పుడు లెక్క. అంకెలు నమూనాకే, మీవి వేసుకోండి. నెలకు 2,400 టికెట్లలో పాత సమస్యలు 720. ఒక్కోదానికి 50 నిమిషాలు పట్టేది 35కి తగ్గిందనుకుందాం. 15 నిమిషాల చొప్పున 180 గంటలు మిగిలాయి. జీతం, పీఎఫ్, క్యాబ్, సీటు అన్నీ కలిపి గంటకు 500 రూపాయలైతే 90,000. ఖర్చు వైపు లైసెన్స్ 60,000 అని అందరూ రాస్తారు. రాసేవాళ్ల గంటలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. నెలకు 40 వ్యాసాలు, ఒక్కోదానికి రెండు గంటలంటే 80 గంటలు, అది 40,000. వాటిని సరిచూసి, పాతవి తీసేసే మనిషికి మరో 80 గంటలు, ఇంకో 40,000. మొత్తం 1,40,000. నెలకు యాభై వేలు చేతి నుంచి పడుతున్నాయన్నమాట.

అలాగని పోర్టల్ మూసేయమని కాదు. సెర్చ్ లాగ్ తెరిచి, జనం వెతికినా ఏమీ దొరకని మాటలు చూడండి. వాటి మీదే నెలకు 15 వ్యాసాలు రాస్తే రాతకు 15,000, పరిశీలన 20 గంటలకు తగ్గితే 10,000, లైసెన్స్‌తో కలిపి 85,000. లెక్క ఇప్పుడు లాభంలోకి వచ్చింది, అదీ అయిదు వేలే. అసలు లాభం చాలాచోట్ల కొత్తగా చేరినవాళ్ల దగ్గర ఉంటుంది. పక్కవాళ్లను అడగకుండా సొంతంగా టికెట్ మూయడానికి పది వారాలు పట్టేది ఎనిమిదికి తగ్గిందా? చూడండి.

మీ ఎండీ గారు తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది: ‘180 గంటలు మిగిలితే ఆ డబ్బేది?’ న్యాయమైన ప్రశ్నే. ఆ గంటలతో ఓవర్‌టైం తగ్గాలి, లేదా అదే మందితో ఎక్కువ టికెట్లు మూయాలి, లేదా ఖాళీ అయిన పోస్టు నింపకుండా నడవాలి. ఇవేవీ జరగకపోతే ఆ గంటలు టీ బ్రేకుల్లో కలిసిపోయాయి. వాటిని ఆదా కింద చూపించకండి.

టికెట్ మూసేటప్పుడు ‘ఏ వ్యాసం పనికొచ్చింది’ అనే గడి ఒకటి పెట్టించండి. నెలకు 30 టికెట్లు చేత్తో తీసి, ఆ గడి నిజమేనా అని చూడండి. తప్పనిసరి గడి అయితే నోటికొచ్చిన నంబరు వేసేస్తారు. మళ్లీ తెరుచుకున్న టికెట్లనూ పక్కనే పెట్టుకోండి. పాతబడిన వ్యాసం చూసి పది నిమిషాల్లో మూసిన టికెట్ మూడో రోజున తిరిగొస్తే, ఆదా అయిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కొత్త టీములకు పోర్టల్ ఇవ్వాల్సి ఉంటే ఒక షిఫ్టుకు ఇప్పుడు, రెండో షిఫ్టుకు మూడు నెలల తర్వాత ఇవ్వండి. పోల్చి చూడటానికి అంతకన్నా చవకైన దారి లేదు.

ప్రశ్న: పీణ్యాలో మా మెషీన్ షాపులో పెద్ద సెట్టర్ (ఒక్కో జాబుకు, అంటే తయారుచేసే భాగానికి, మెషీన్‌ను సిద్ధం చేసే మనిషి) ఒకాయన వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు. ఐఎస్ఓ నాణ్యతా ప్రమాణాల ఆడిటర్ ‘సంస్థాగత జ్ఞానం’ గురించి అడిగారు. ఏడాదికి మూడు లక్షల సాఫ్ట్‌వేర్ కొనమని ఒకరంటున్నారు. కొనాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఐఎస్ఓ 9001, 2015 కూర్పులో 7.1.6 అనే క్లాజు అడిగేది ఇంతే: పనికి కావలసిన జ్ఞానమేదో గుర్తించండి, నిలుపుకోండి, అవసరమైనవాళ్లకు అందుబాటులో ఉంచండి. సాఫ్ట్‌వేర్ మాట అందులో లేదు.

మీకు పోయేదెంతో ముందు కొలవండి. పాత జాబ్ చివరి పీస్ దిగినప్పటి నుంచి కొత్త జాబ్ మొదటి పీస్ ఓకే అయ్యేదాకా పట్టేదే సెటప్ టైం. ఆయన చేస్తే 90 నిమిషాలు, మిగతావాళ్లు చేస్తే 150 అనుకుందాం. నెలకు 20 సెటప్‌లు, మెషీన్ అవర్ రేటు 600 అయితే నెలకు 12,000. దానికి మొదటి పీసుల స్క్రాప్ కలపండి. ఈ మొత్తం ఏడాదికి రెండు లక్షలు దాటకపోతే మూడు లక్షల సాఫ్ట్‌వేర్ ఎందుకు?

ఎక్కువసార్లు వచ్చే పది జాబులు ఎంచుకుని, ఆయన సెట్ చేస్తుంటే ఫోన్‌తో వీడియో తీయండి. ఆయన మాటలు తెలుగులోనో కన్నడలోనో ఎలా ఉంటే అలాగే ఉంచండి. ఇంగ్లీషులో నీటుగా టైపు చేసిన షీటు ఫైల్‌లోనే ఉండిపోతుంది. ‘ఎలా చేస్తారు’ అని అడగకండి, ‘ఈ జాబ్ ఎక్కడ తప్పుతుంది, మీకు ముందుగా ఎలా తెలుస్తుంది’ అని అడగండి. ఇన్‌సర్ట్ (లోహాన్ని కోసే మొన) అరిగినప్పటి చప్పుడు, చిప్ (కోతలో రాలే లోహపు తునక) రంగు లాంటివి అప్పుడే బయటికొస్తాయి. ఆ తర్వాత వీడియో చూసిన కుర్రాడితో ఆయన సెలవులో ఉన్న రోజున సెటప్ చేయించి టైం రాయండి. మార్చి దాకా ఆగితే తప్పు దిద్దడానికి మనిషి ఉండరు.

ప్రశ్న: డాక్యుమెంట్ రాసినందుకు డబ్బులిస్తే మంచిదా?
– ఒక హెచ్ఆర్ మేనేజర్, బెంగళూరు

జవాబు: సంఖ్యను బట్టి ఇవ్వకండి. మీ ఊళ్లోనే ఇన్ఫోసిస్ 2000ల మొదట్లో ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ అనే పాయింట్ల పథకం పెట్టింది. రచనలు వెల్లువెత్తాయి, చదివి పరిశీలించేవాళ్ల మీద భారం పెరిగింది, నాణ్యత మీద అనుమానాలొచ్చాయి, చివరికి పథకాన్ని మార్చుకున్నారు. జెరాక్స్ కంపెనీ 1990లలో నడిపిన యురేకాలో కాపియర్ టెక్నీషియన్లు రాసిన చిట్కాలను తోటి టెక్నీషియన్లే పరిశీలించేవారు. చిట్కా కింద రాసినవాళ్ల పేరుండేది. పని బాగా తెలిసినవాళ్లకు ఆ పేరు నగదు కన్నా విలువైనది. ఏదో ఒకటి ఇవ్వక తప్పదంటే, ఆ వ్యాసం వాడి టికెట్ మూసినవాళ్ల సంఖ్యను బట్టి, మూడు నెలలకోసారి ఇవ్వండి. మొదటి ప్రశ్నలో చెప్పిన ఆ గడి ఇక్కడా పనికొస్తుంది.