అమ్మకానికి పెట్టిన పెన్నీ షేరు కదలకపోతే

మీ 3 రూపాయల పెన్నీ షేరు (చాలా తక్కువ ధర ఉన్న షేరు) నాలుగు రోజులుగా అమ్ముడుపోవడం లేదని, యాప్‌లో లోపమేమో అని అడిగారు. ఇది బ్రోకరు యాప్ లోపం కాదు. అది లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు ఎక్స్ఛేంజీ అనుమతించే కనిష్ఠ ధర వద్ద చిక్కుకుంది, కొనేవారు లేరు.

1. మార్కెట్ డెప్త్‌లో (యాప్‌లో కొనుగోలు, అమ్మకం ఆర్డర్లు చూపే పట్టికలో) కొనుగోలు వైపు సున్నా ఉంటే కారణం ఇదేనని నిర్ధారించుకోండి.

2. చాలామంది మరిచేది ఇక్కడే: మామూలు ఆర్డరు ఆ రోజుతోనే రద్దవుతుంది, ఒకే ధర వద్ద ముందు చేరిన ఆర్డరుకే ముందు వంతు వస్తుంది గనుక, పది గంటలకు పెట్టినవారు వరుస చివరన మిగిలిపోతారు. అందుకే ప్రతి రాత్రీ ఆఫ్టర్ మార్కెట్ ఆర్డరును (మార్కెట్ మూసాక మరుసటి రోజు కోసం పెట్టే ఆర్డరు) మరుసటి రోజు కనిష్ఠ పరిమితి ధరకే పెట్టండి. ఎక్కువ ధరకు కొనేవారుంటే ఆ ధరే మీకు దక్కుతుంది.

3. షేరు ఎక్స్ఛేంజీ నిఘా జాబితాలో ఉందేమో చూడండి. ఆ నిఘాలోని కొన్ని దశల్లో వారానికి ఒక్కరోజే ట్రేడింగ్ ఉంటుంది.

మీరు కొన్న సగటు ధర తగ్గుతుందని దయచేసి మరిన్ని కొనకండి.