డాక్టరు కానివాళ్లకు మెడికల్ ఇమేజింగ్‌లో చోటుందా?

ప్రశ్న: కరీంనగర్‌లో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఛాతీ ఎక్స్-రే చూసి నిమోనియా పట్టే ప్రాజెక్టు చేస్తే 96 శాతం యాక్యురసీ వచ్చింది. ఇదే రంగంలో పరిశోధన చేయాలని ఉంది. డాక్టరు చదవనివాళ్లకు ఆసుపత్రిలో పనేముంటుందని నాన్నగారు అంటున్నారు. గేట్ రాయాలా, ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: ముందు నాన్నగారి సందేహం. సీటీ స్కానర్‌ను తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు, దాని వెనకాల గణితం తేల్చిన కార్మాక్ భౌతికశాస్త్రవేత్త. 1979లో వైద్యానికి ఇచ్చే నోబెల్ ఈ ఇద్దరికీ వచ్చింది. ఎంఆర్ఐకి 2003లో అదే బహుమతి తీసుకున్న లాటర్‌బర్ రసాయనశాస్త్రవేత్త, మాన్స్‌ఫీల్డ్ భౌతికశాస్త్రవేత్త. రిపోర్టు మీద సంతకం రేడియాలజిస్టుదే, అలాగే ఉండాలి కూడా. కానీ ఆ బొమ్మను తక్కువ రేడియేషన్‌తో తీయడం, మసక తగ్గించడం, గడ్డ అంచు గీసే ప్రోగ్రామ్ రాయడం మీలాంటివాళ్ల పని.

ఇక ఆ 96 శాతం. మీరు వాడింది డేటా సెట్లు ఉచితంగా దొరికే కాగిల్ వెబ్‌సైట్‌లో విద్యార్థులందరూ తీసుకునే 5,800 పైచిలుకు ఎక్స్-రేల సెట్టే అయితే, అవన్నీ చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒక మహిళా శిశు ఆసుపత్రిలో 1 నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు తీసినవి. అందులో, నేర్చుకుంటున్న మోడల్‌ను మధ్యమధ్యలో సరిచూసే వ్యాలిడేషన్ ఫోల్డర్ తెరిచి చూడండి, 16 బొమ్మలే ఉంటాయి. ఒక్కటి తప్పితే 6 శాతం పడిపోతుంది. దాంతో చాలామంది అన్ని ఫోల్డర్లూ కలిపేసి మళ్లీ రాండమ్‌గా విడగొడతారు. అసలు దెబ్బ అక్కడే. నిమోనియా ఫైళ్ల పేర్లలో రోగి నంబరు ఉంటుంది, ఒకే బిడ్డవి రెండు మూడు ఫిల్ములు ఉండొచ్చు. ఒకటి ట్రెయినింగ్‌లోకి, ఇంకొకటి టెస్టులోకి పోతే మోడల్ జబ్బును కాకుండా ఆ బిడ్డనే గుర్తుపడుతుంది. కాబట్టి బొమ్మల వారీగా కాదు, రోగుల వారీగా విడగొట్టి మళ్లీ ట్రెయిన్ చేయండి. నంబరు తగ్గితే దిగులు పడొద్దు, ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ మీ మొదటి ఫలితం అదే.

యాక్యురసీ అనే మాట కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. 1,000 మందిలో 10 మందికే జబ్బు ఉందనుకుందాం. రోగుల్లో 90 శాతాన్ని పట్టే, ఆరోగ్యవంతుల్లో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే మోడల్ 9 మంది రోగులను పడుతుంది. వాళ్లతో పాటు జబ్బు లేని 99 మందిని కూడా పడుతుంది. 108 మందిని పైపరీక్షలకు పంపితే నిజమైన రోగులు తొమ్మిదిమందే. ఆ ఖర్చూ, ఆ భయమూ ఎవరు మోస్తారన్నది ఈ రంగంలో మొదటి ప్రశ్న.

ఈ సెమిస్టర్‌లో ఇంకొక్క పని చేయండి, సీటీని చేత్తో తాకినట్టు నేర్చుకోండి. ఎల్ఐడీసీ అనే ఊపిరితిత్తుల సీటీ సెట్టు ఉచితం, 1,018 కేసులు. చూడటానికి త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఒక కేసు డైకామ్ ఫైళ్లు (స్కాన్ బొమ్మలను దాచే ఫార్మాట్) మీ సొంత కోడుతో చదివి, రోగి శరీరం బయట ఉన్న గాలి దగ్గర సీటీ విలువ (ఎక్స్-రేలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) చూడండి. −1000 దరిదాపుల్లో రావాలి, నీటికి 0. గాలి దగ్గర 24, 30 లాంటివి వస్తున్నాయంటే ఫైలు హెడర్‌లోని (బొమ్మ వివరాలుండే భాగం) రీస్కేల్ ఇంటర్‌సెప్ట్ అనే సవరణ అంకె కలపడం మరిచారన్నమాట, చాలా స్కానర్లలో అది −1024. స్లైసులను, అంటే శరీరపు అడ్డుకోత బొమ్మలను, ఫైలు పేరు ప్రకారం కాకుండా హెడర్‌లోని స్థానం ప్రకారం పేర్చండి. స్లైసు మందం చూడండి: పిక్సెల్ 0.7 మిల్లీమీటర్లే అయినా స్లైసు 5 మిల్లీమీటర్లుంటే, 6 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి రెండు స్లైసుల్లోనే కనిపిస్తుంది. దాన్ని పిక్సెళ్లు లెక్కపెట్టి ఘనపరిమాణం కడితే తప్పుతుంది. చివరగా కాలేయం తెరకు ఎడమవైపే ఉందా చూసుకోండి. ఫార్మాట్ మార్చేటప్పుడు కుడిఎడమలు తారుమారు కావడం ఎంత మామూలో, రోగి విషయంలో అంత ప్రమాదం.

ఇది రోగ నిర్ధారణకే పరిమితం కాదు. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు డోసు లెక్క ఆ సీటీ విలువల మీదే నడుస్తుంది. గడ్డ చుట్టూ గీసిన గీత సగటున బాగా సరిపోయి డైస్ స్కోరు (రెండు గీతలు ఎంత కలిశాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.9 వచ్చినా, వెన్నుపాము పక్కన కొన్ని మిల్లీమీటర్లు జరిగితే ఆ స్కోరు మనల్ని కాపాడదు. ఎక్కడ ఎక్కువగా తప్పిందో చెప్పే దూరపు కొలత కూడా వేయాలి. నన్నడిగితే మన విద్యార్థులు తక్కువగా చూస్తున్న, పని ఎక్కువగా ఉన్న చోటు ఇదే.

చదువు విషయానికొస్తే, ఉద్యోగం కన్నా ముందు గేట్ రాయమంటాను. ఈసీ పేపరుతో పాటు 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపరు కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రీసెర్చ్ ఎంఎస్‌కు వాళ్ల సొంత పరీక్ష పీజీఈఈ. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్, తిరువనంతపురంలోని వైద్య పరిశోధన సంస్థ శ్రీచిత్ర కూడా చూడండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటికి డబ్బు వెంటనే అవసరమైతే మాత్రం నాన్నగారితో దాపరికం లేకుండా మాట్లాడండి, ప్రాజెక్టు అసిస్టెంటుగా ఏదైనా ల్యాబ్‌లో చేరే దారి కూడా ఉంది.

ఒక హెచ్చరిక. తెలిసిన టెక్నీషియన్ ఉన్నాడని ఆసుపత్రి స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతీ, పరిశోధనలో భాగస్వామిగా ఒక డాక్టరూ ఉండాలి. పేరు హెడర్‌లోనే ఉంటుందనుకోకండి, అల్ట్రాసౌండ్‌లో తరచూ బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. తల సీటీ నుంచైతే ముఖాన్నే తిరిగి నిర్మించొచ్చు. ఇక వాట్సాప్‌లో వచ్చిన ఎక్స్-రే కుదించిన ఫొటో మాత్రమే, దానితో ఏ కొలతా నిలబడదు.

ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు 96 శాతం గురించి రాయకండి. రోగుల వారీగా విడగొట్టాక ఎంత వచ్చిందో, పెద్దవాళ్ల ఎక్స్-రేల మీద ఎంతకు పడిందో, మోడల్ తప్పిన పది బొమ్మల్లో మీకేం కనిపించిందో ఒక పేజీలో రాసి, కోడు లింకు పెట్టి పంపండి.