బైపాస్‌గా మార్చే రెండో ఆపరేషన్‌కు బీమా రాదన్నారు... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 43. 2017లో బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (కడుపులో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) చేయించుకున్నాను. అప్పటి ఖర్చు మేమే పెట్టుకున్నాం. 2020 జనవరిలో 5 లక్షలకు ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే) ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నాం. ఒక్క ఏడాది కూడా తప్పకుండా రెన్యువల్ చేస్తున్నాం. 2023లో దాన్ని 10 లక్షలకు పెంచుకున్నాం. ఫారం ఏజెంటే నింపాడు. పాత ఆపరేషన్ సంగతి అందులో రాశాడో లేదో తెలియదు. రెండేళ్లుగా నాకు విపరీతమైన ఎసిడిటీ. రాత్రి పడుకుంటే తిన్నది గొంతులోకి వచ్చేస్తోంది. మందులు పనిచేయడం లేదు. కొంత బరువు కూడా పెరిగాను, ఇప్పుడు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచీ) 34. స్లీవ్‌ను గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (కడుపును చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) మార్చాలని సర్జన్ గారు చెప్పారు. ఆస్పత్రికి కంపెనీయే నేరుగా డబ్బు కట్టే క్యాష్‌లెస్‌కు పెడితే, ‘ఊబకాయ చికిత్స, ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) కోడ్ 06, బీఎంఐ చాలదు, రివిజన్ (పాత ఆపరేషన్‌ను మార్చే) సర్జరీకి కవరేజీ లేదు’ అని తిరస్కరించారు. లాయర్ గారూ, మాకేమైనా దారి ఉందా? – ఓ పాఠకురాలు

జవాబు: ఉంది. అయితే ముందు ఒక సంగతి తేలాలి. ఈ ఆపరేషన్ మీ బరువు కోసమా, రిఫ్లక్స్ (తిన్నది, ఆమ్లం పైకి ఎగదన్నడం) కోసమా? మీ ఉత్తరంలో రెండూ కలిసిపోయాయి. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు పంపిన ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారంలోనూ అలాగే కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. మీ కేసు గెలిచినా ఓడినా అక్కడే.

కంపెనీ చూపిస్తున్న కోడ్ 06 వాళ్లు సొంతంగా రాసుకున్నది కాదు. హెల్త్ పాలసీల్లో మినహాయింపుల భాష అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోదే ఇది. ‘ఊబకాయానికి చేసే శస్త్రచికిత్స’ ఖర్చు కొన్ని షరతులన్నీ తీరితేనే ఇస్తామని దాని సారాంశం. డాక్టర్ సలహా ఉండాలి, ఆ సర్జరీకి క్లినికల్ ప్రోటోకాల్స్ (వైద్య నియమావళి) మద్దతు ఉండాలి, వయసు 18 నిండాలి. బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉంటే, సర్జరీ దాకా వెళ్లని పద్ధతులతో బరువు తగ్గే ప్రయత్నం విఫలమై ఉండాలి. దానితోపాటు ఊబకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతీ (గుండె కండరం జబ్బు), కరోనరీ గుండె జబ్బు (గుండె రక్తనాళాల జబ్బు), తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం – వీటిలో ఒకటైనా ఉండాలి.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, ‘రివిజన్’ అన్న మాటే ఇక్కడ లేదు. మొదటి ఆపరేషన్‌కే ఇస్తాం, రెండోదానికి ఇవ్వం అని ఈ కోడ్ ఎక్కడా అనలేదు. కాబట్టి ‘రివిజన్‌కు కవరేజీ లేదు’ అన్న వాక్యం పాలసీలో ఏ పేజీలో, ఏ క్లాజులో ఉందో వాళ్లే చూపించాలి. కొన్ని గ్రూప్ పాలసీల్లో బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీకి విడిగా పరిమితి పెడతారు. కాబట్టి మీ పాలసీ పూర్తి పత్రం ఒకసారి చదవండి. కార్డు వెనక ఉండే సారాంశం సరిపోదు. కవరేజీ లేని చికిత్స వల్ల వచ్చిన కాంప్లికేషన్లకు కూడా ఇవ్వమనే వాక్యం ఏదైనా ఉందేమో అప్పుడే చూసుకోండి.

రెండోదే అసలు విషయం. ఈ మినహాయింపు ఊబకాయానికి చేసే సర్జరీకి మాత్రమే వర్తిస్తుంది. స్లీవ్ తర్వాత కొందరిలో రిఫ్లక్స్ తీవ్రమవుతుంది. సన్నని గొట్టంలా మిగిలిన కడుపులో ఒత్తిడి పెరిగి ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. మందులకు లొంగనప్పుడు రూ-ఎన్-వై బైపాస్‌గా (గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఒక రకం) మార్చడం సర్జన్లు మామూలుగా చేసే చికిత్సే. అప్పుడు చికిత్స జరుగుతున్నది అన్నవాహిక జబ్బుకు. దానికి బీఎంఐతో పని లేదు. బరువు తగ్గడానికి కడుపు చుట్టూ వేసిన బ్యాండ్ జారిపోయినా, అది కడుపు గోడలోకి కోసుకుపోయినా, స్లీవ్ మధ్యలో ఇరుకైపోయి తిన్నది దిగకపోయినా, బైపాస్ అతుకు దగ్గర అల్సర్ వచ్చినా ఇదే వాదన నిలుస్తుంది. మినహాయింపు తమకు వర్తిస్తుందని నిరూపించాల్సిన భారం బీమా కంపెనీదే. భాషలో సందిగ్ధం ఉంటే ఆ పత్రం రాసినవాళ్లకు వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలి. ఈ రెండూ మన కోర్టుల్లో ఎప్పుడో స్థిరపడిన సూత్రాలు.

ఇక కాగితాల సంగతి. ప్రీ-ఆథ్ ఫారం కాపీ ఆస్పత్రి నుంచి తీసుకుని ‘ప్రొవిజనల్ డయాగ్నసిస్’ గడి చూడండి. అక్కడ ‘మార్బిడ్ ఒబేసిటీ, రివిజన్ బేరియాట్రిక్ సర్జరీ’ అని ఉండి, పక్కన ఐసీడీ కోడ్ (జబ్బులకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తు) ఈ66 వేసి ఉంటే మీ దరఖాస్తు తిరస్కరణకు కారణం దొరికినట్టే. ఈ66 అంటే ఊబకాయం. కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ టీపీఏలో ఫైలు చూసేవారు ఆ గడి చూసి, బీఎంఐ గడి చూసి, కోడ్ 06 కొట్టి పంపేస్తారు. మీ ఎండోస్కోపీ రిపోర్టు తెరిచి కూడా ఉండరు. డెస్క్‌లో కూర్చున్న పిల్లలను తప్పుపట్టలేం, వాళ్ల సిస్టంలో ప్యాకేజీ పేరే అలా ఉంటుంది. అన్నవాహిక పూతతో కూడిన రిఫ్లక్స్‌కు కోడ్ కే21.0. మీకున్న జబ్బు అదే అయితే మొదటి వరుసలో ఉండాల్సిందీ అదే.

సర్జన్ గారి లేఖ కూడా మారాలి. ‘వెయిట్ రీగెయిన్, రిఫ్లక్స్ ఉన్నందున రివిజన్ సూచించాను’ అన్న ఒక్క లైను మీకు సాయం చేయదు. లేఖలో ఏముండాలో చెబుతాను: 2017లో ఏ ఆపరేషన్ జరిగింది, రిఫ్లక్స్ ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఏ మోతాదులో ఎన్ని నెలలు వాడారు, ఎండోస్కోపీలో పూత ఏ గ్రేడులో ఉంది, బేరియం పరీక్షలో గానీ పీహెచ్ పరీక్షలో గానీ ఏం కనిపించింది, మందులతో ఎందుకు కుదరదు, ఇదే ఆపరేషన్ ఎందుకు, ఆలస్యమైతే ఏమవుతుంది. బరువు సంగతి దాచమని నేను చెప్పడం లేదు. దాచితే రేపు కేస్ షీటే మీకు ఎదురు తిరుగుతుంది. ఆపరేషన్ వల్ల బరువు కూడా తగ్గవచ్చని రాయనివ్వండి. కానీ ప్రధాన కారణం ఏదో డాక్టర్ తేల్చి చెప్పాలి. అది ఆయన వైద్యపరంగా నమ్మే మాటే అయి ఉండాలి, మీ కోసం రాసిచ్చింది కాకూడదు. వేలాడే చర్మం తీసే ఆపరేషన్‌ను కూడా చాలామంది ఇదే ఎస్టిమేట్‌లో కలిపేస్తుంటారు. దయచేసి కలపకండి. అది కాస్మెటిక్ సర్జరీ కిందకు, అంటే కోడ్ 08 కిందకు వస్తుంది, దాంతో మొత్తం ఫైలుకే ఆ రంగు అంటుకుంటుంది.

ఒకవేళ మీ సర్జన్ నిజాయతీగా ‘రిఫ్లక్స్ మందులతో అదుపులో పెట్టొచ్చు, ఈ ఆపరేషన్ ముఖ్యంగా బరువు కోసమే’ అంటే? అప్పుడు బీఎంఐ 34తో ఈ పాలసీ కింద మీకు పెద్దగా అవకాశం లేదు. 2022 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఆసియా ప్రజల్లో 27.5 బీఎంఐ నుంచే సర్జరీ సూచించవచ్చంటున్నాయి కదా అని అడగవచ్చు. నిజమే, అవి డాక్టర్‌కు దారి చూపుతాయి. మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంలో మాత్రం 35, 40 అన్న అంకెలే ఉన్నాయి. ప్రోటోకాల్స్ షరతు, బీఎంఐ షరతు రెండూ తీరాలి. మొదటి ఆపరేషన్ నాటి బీఎంఐ లెక్కలోకి తీసుకోవాలని కొందరు వాదిస్తారు. ఏ రోజు బీఎంఐ చూడాలో క్లాజు చెప్పలేదు కాబట్టి ఆ వాదన చేయవచ్చు. అయినా దాని మీదే ఆశ పెట్టుకుని అప్పు చేసి ఆపరేషన్‌కు వెళ్లమని నేనైతే చెప్పను.

ఏజెంటు నింపిన ఫారం గురించి మీ భయం అర్థమైంది. ముందుగా ఆ ప్రపోజల్ ఫారం కాపీ కంపెనీని లిఖితపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. పాత ఆపరేషన్ అందులో ఉంటే ఆ బెంగే లేదు. లేకపోయినా మరీ గాభరా పడక్కర్లేదు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, పాలసీ 60 నెలలు నిరంతరాయంగా సాగాక, మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప, సమాచారం దాచారనో తప్పుగా ఇచ్చారనో కంపెనీ అభ్యంతరం పెట్టడానికి వీల్లేదు. మీకు 2025 జనవరితో ఆ గడువు నిండింది. అయితే ఇది మొదటి 5 లక్షలకే. 2023లో పెంచిన 5 లక్షలకు లెక్క పెంచిన తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (కవరేజీ రాకముందు ఆగాల్సిన కాలం) కూడా పెంచిన మొత్తానికి విడిగానే చూస్తారు. ఒకటి గుర్తుంచుకోండి. ఈ 60 నెలల రక్షణ సమాచారం దాచారన్న అభ్యంతరానికే పనికొస్తుంది. ‘ఐదేళ్లు దాటింది, ఇక కోడ్ 06 కూడా చెల్లదు’ అని సోషల్ మీడియాలో తిరుగుతున్న మాట తప్పు. శాశ్వత మినహాయింపులు, సబ్‌లిమిట్లు (ఒక్కో చికిత్సకు విడి పరిమితులు), కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎప్పటికీ అలాగే ఉంటాయి.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, సరిచేసిన ఫారం, కొత్త లేఖ, రిపోర్టులతో క్యాష్‌లెస్‌కు మళ్లీ పెట్టించండి. తిరస్కరిస్తే ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమనండి. 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్‌ను తిరస్కరించాలంటే కంపెనీలోని కమిటీ ఆమోదం ఉండాలి. పాలసీలోని నిర్దిష్ట షరతును ప్రస్తావించాలి. ఫోన్‌లో ఎవరో ‘రాదండీ’ అంటే అది తిరస్కరణ కాదు. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆపరేషన్ ఆగే స్థితి లేకపోతే, సొంత డబ్బుతో చేయించుకుని రీయింబర్స్‌మెంట్‌కు (ఖర్చు తిరిగి ఇమ్మని) పెట్టండి. క్యాష్‌లెస్ ఇవ్వనంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. డిశ్చార్జి సమ్మరీలో కూడా డయాగ్నసిస్ సరిగ్గా పడిందో లేదో ఇంటికి వచ్చేముందే చూసుకోండి. తర్వాత దిద్దించిన సమ్మరీ అంటే కంపెనీకి అనుమానమే.

ఆ క్లెయిమ్‌ను తిరస్కరిస్తూ వచ్చే లేఖను జాగ్రత్తగా దాచండి. తిరస్కరణ లేఖలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో ఎత్తుకోవడానికి వీల్లేదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న క్యాష్‌లెస్ తిరస్కరణకు ఈ సూత్రం పూర్తిగా అతకదు. తుది తిరస్కరణ లేఖే లెక్క.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆశ్రయించండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. ఫీజు లేదు. లాయర్లను అనుమతించరు, మీ కాగితాలు సరిగ్గా ఉంటే మా అవసరం కూడా ఉండదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. తీర్పు మీకు అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 5 వేల రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఇలాంటి వైద్య వివాదాల్లో నా ఓటు ముందు అంబుడ్స్‌మన్‌కే.

అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన ప్రీమియాన్ని బట్టే కమిషన్ పరిధి లెక్కిస్తారు కాబట్టి జిల్లా కమిషనే సరిపోతుంది. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే వరుస తప్పకండి. అదే వివాదం మీద కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ దాన్ని తీసుకోరు. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలాన్ని రెండేళ్ల గడువులోంచి తీసేస్తారని కూడా అనుకోవద్దు, తిరస్కరణ లేఖ మీదున్న తేదీ నుంచే లెక్క పెట్టుకుంటూ ఉండండి.