ఎయిర్‌పోర్టు పక్కన స్టూడియో: కిలోమీటర్లు కాదు, రన్‌వే దిక్కు చూడండి

"వంటగది ఉన్న స్టూడియో (ఒకే గది ఫ్లాట్) రెండు వారాలకు కావాలి. ఎయిర్‌పోర్టుకు 2 కిలోమీటర్లలో ఒకటి, 6 కిలోమీటర్లలో ఒకటి ఉన్నాయి. నిద్ర పట్టాలంటే దూరంగా ఉన్నదే మేలు కదా?" అని ఒకరు అడిగారు.

కాకపోవచ్చు. రన్‌వేకి పక్కగా 2 కిలోమీటర్లలో ఉన్న గది కంటే, రన్‌వే కొసకు సూటిగా 6 కిలోమీటర్లలో ఉన్న గదిలోనే మోత ఎక్కువ ఉండొచ్చు. దిగే విమానం దాదాపు 3 డిగ్రీల వాలులో వస్తుంది. 6 కిలోమీటర్ల దగ్గర అది నేలకు 330 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ముందు మ్యాప్‌లో రన్‌వే గీతను రెండు వైపులా పొడిగించి, మీ గది ఆ గీత కింద పడుతుందేమో చూడండి.

"ఇక్కడ అసలు చప్పుడే లేదు" అన్న రివ్యూను మాత్రం నమ్మకండి. విమానాలు సాధారణంగా గాలికి ఎదురుగానే దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. గాలి తిరిగితే ఏ కొసన దిగాలో కూడా మారిపోతుంది. ఆ రివ్యూ రాసినాయన ఉన్న వారంలో గాలి అటు వీచి ఉంటుంది, అంతే. విమానాలు ఎటు ఎగురుతున్నాయో మ్యాప్‌లో చూపించే ఫ్లైట్‌రాడార్24లో, గడిచిన రోజుల్ని మళ్లీ చూపించే ప్లేబ్యాక్ తెరిచి మూడు నాలుగు రోజులు, రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి 5 దాకా షెడ్యూల్డ్ విమానాలు ఉండవు. అన్ని చోట్లా అలాంటి నియమం లేదు. కార్గో విమానాలకు చాలాచోట్ల రాత్రే పని.

ఆ తర్వాత చూడాల్సింది కిటికీ. చప్పుడు గోడలోంచి కంటే సందుల్లోంచే ఎక్కువ దూరుతుంది. పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీకి సాధారణంగా బ్రష్‌లాంటి కుచ్చు పట్టీయే ఉంటుంది, అది మోతను ఆపలేదు. తలుపులా మూసి హ్యాండిల్‌తో బిగించే కిటికీకి చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. గదిలో అడుగుపెట్టగానే కాగితం ముక్కను రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి కిటికీ మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే, వేరే గది అడగండి. "డబుల్ గ్లాస్" అన్న మాట వినగానే తృప్తి పడకండి. రెండూ ఒకే మందం అద్దాలై, మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే అది ప్రధానంగా వేడి, చలి ఆపడానికే. టేకాఫ్ గుర్రుమోత తగ్గాలంటే వేర్వేరు మందాల అద్దాలో, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దమో, లేదా లోపల 100 మిల్లీమీటర్ల ఖాళీతో రెండో కిటికీయో కావాలి. మందపాటి కర్టెన్ వెలుతురును ఆపుతుంది గానీ ఆ మోతను ఆపదు. విండో ఏసీ ఉన్న గది అసలే వద్దు, అది గోడకు పెట్టిన కన్నమే.

ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పనిచేయలేదనే వాళ్లలో చాలామంది పెట్టుకోవడంలోనే తప్పు చేస్తారు. ముందు సన్నగా నలపాలి. రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో ఆపాలి. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచండి. అలారం వినబడకపోతే విమానం పోతుంది.

ఇక "అన్ని సౌకర్యాలున్న వంటగది" అన్న మాట మీద నాకు చాలా కోపం. అడుగుకు అయస్కాంతం అంటుకోని గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు, అయినా అల్మరాలో అవే పెడతారు. 2000 వాట్ల ఇండక్షన్, 2000 వాట్ల కెటిల్ ఒకే 16 ఆంపియర్ల లైన్ మీద నడిపితే భారం ఎక్కువై ఎంసీబీ (కరెంటును ఆపేసే స్విచ్) పడిపోవచ్చు. 230 వోల్టుల దగ్గర ఆ లైన్ మోసేది 3680 వాట్లే. ఒకటయ్యాకే ఇంకోటి వేయండి. గోడ మీది స్లాట్‌లోంచి కీకార్డు తీస్తే ఫ్రిజ్ కూడా ఆగుతుందేమో మొదటి రోజే చూసుకోండి, ఆగితే పాలు విరిగిపోతాయి. చిమ్నీ గొట్టం బయటికి వెళ్లకపోతే అది పొగను వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. వేపుడు మొదలుపెట్టే ముందు బాత్రూమ్ ఎగ్జాస్ట్ వేయండి, లేకుంటే స్మోక్ అలారం మోగొచ్చు.

బుకింగ్ తేదీ కూడా జాగ్రత్త. 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు దిగేవాళ్లు 11వ తేదీ నుంచే గది తీసుకోవాలి. లేదంటే మధ్యాహ్నం చెక్‌ఇన్ దాకా తాళం దొరకదు. 11 నుంచి తీసుకున్నా, ఎన్ని గంటలకు వస్తారో ముందే మెసేజ్ పెట్టండి. పెట్టకపోతే రాలేదనుకుని రెండు వారాల బుకింగునూ రద్దు చేసేయొచ్చు.