మంత్రికి మాటలివ్వమ్మా

విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. హైదరాబాద్ బాలాపూర్ బస్తీలో, మయన్మార్ నుంచి వచ్చిన ఆ రోహింగ్యా తల్లి ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చిన శరణార్థి కార్డుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టుకోవడం, బియ్యం తీసిన ప్రతిసారీ చేత్తో తడిమి చూసుకోవడం బాగుంది. చూసి రాశావని తెలుస్తోంది. కానీ నాలుగో పేజీలో హోంమంత్రి లోక్‌సభలో లేచి నిలబడగానే నాకు ఒళ్లు మండింది. మంత్రి మీద కాదు, నీ మీద.

కళ్లెర్రజేశాడు, బల్ల గుద్దాడు, వీళ్లంతా ఉగ్రవాదులే, తరిమేస్తాం అన్నాడు. రెండు వాక్యాల్లో ఆయన పని ముగించావు. ఆ తర్వాత కథంతా పిల్ల ఏడుపే. ఇలాంటి మంత్రిని చూసి ఏ పాఠకుడూ కదలడు. అప్పటికే నీ వైపు ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు, లేనివాళ్లు పేజీ తిప్పేస్తారు. మరి ఎవరి కోసం రాసినట్టు?

నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఒకటే. కథలో నీకు నచ్చని మనిషికి నీకున్న తెలివంతా ఇవ్వాలి. మంత్రి మాట్లాడుతుంటే చదివేవాడు "నిజమే కదా" అని ఒక్క క్షణమైనా తలూపాలి. అలా ఊపినందుకు తర్వాత వాడికి నిద్ర పట్టకూడదు. నువ్వు ఆ తల ఊపనివ్వడం లేదు.

నిజంగా మంత్రులు ఏం మాట్లాడతారో విన్నావా? పార్లమెంటు ప్రసంగాలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. వాళ్ల చేతిలో ఉన్న వాదన చిన్నదేం కాదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు, దానికి అనుబంధమైన 1967 ప్రోటోకాల్ మీదా పెట్టలేదు. అయినా 1959లో దలైలామా వెంట వచ్చిన టిబెటన్లకి చోటిచ్చాం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వస్తే అన్నం పెట్టాం. 1983 తర్వాత శ్రీలంక తమిళులకి శిబిరాలు కట్టాం. సంతకం పెట్టిన దేశాలు ఏం చేశాయి? పడవల్లో వచ్చినవాళ్లని ఆస్ట్రేలియా నౌరు దీవికి తరలించింది. బ్రిటన్ అయితే రువాండా పంపడానికి 2024లో చట్టమే చేసింది. ఇక మాకు పాఠాలు చెప్పేదెవరు అంటాడు మంత్రి. దీనికి నీ కథలో జవాబుందా? ఈ ప్రశ్నే లేదు.

2017లో రోహింగ్యాల విషయంలో ప్రభుత్వం తరఫున మాట్లాడింది అప్పటి హోంశాఖ సహాయ మంత్రి కిరణ్ రిజిజు. దేశంలో దాదాపు 40 వేల మంది రోహింగ్యాలు అక్రమంగా ఉంటున్నారని పార్లమెంటుకు చెప్పింది ఆయనే. ఆయనది ఏ రాష్ట్రమో చూశావా? అరుణాచల్ ప్రదేశ్. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా, హాజోంగ్ శరణార్థులు అక్కడే స్థిరపడ్డారు. వాళ్లకి పౌరసత్వం ఇవ్వమని 2015లో సుప్రీంకోర్టు చెబితే, మా కొండల్లో మేమే మైనారిటీ అయిపోతామని స్థానిక తెగలు రోడ్డెక్కాయి. ఆ రాష్ట్రం ఓట్లతో గెలిచిన మనిషి ఢిల్లీలో శరణార్థుల గురించి మాట్లాడేటప్పుడు వెనక ఎన్ని గొంతులు వినపడుతుంటాయి! నీ మంత్రికి ఊరు లేదు, నియోజకవర్గం లేదు, భయం లేదు. బల్ల గుద్దే చెయ్యి మాత్రం ఉంది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఇక్కడ కంచరపాలెం బర్మా క్యాంపు వాళ్ల మీద ఒక కథ రాశాను. బర్మాలో నే విన్ సైన్యం 1962లో అధికారం పట్టి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక, తరాల తరబడి రంగూన్‌లో బతికిన మన తెలుగువాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. స్వదేశమే, అయినా ఇక్కడివాళ్లకి వాళ్లు "బర్మా వాళ్లు". నా కథలో ఒక గుమస్తా, బర్మా నుంచి వచ్చిన ముసలాయన లోన్ కాగితాన్ని తిప్పి పంపేస్తాడు. ఆ గుమస్తాకి ఒకటిన్నర పేజీ మాటలిచ్చాను. ఓడ దిగిన కాగితంలో పేరు ఒకటి, రేషన్ కార్డులో మరొకటి. "నేను సంతకం పెడితే రేపు ఆడిట్‌లో నా జీతం కోస్తారు, నాకు ముగ్గురు ఆడపిల్లలు" అంటాడు. ఆ మాటలు ఊహించి రాసినవి కావు, ఆఫీసు వరండాలో నిలబడి విన్నవి. అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక ఎడిటర్ ఆ ఒకటిన్నర పేజీ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. దుర్మార్గుడికి ఇంత చోటెందుకు, పాఠకులకి బోరు కొడుతుంది అన్నాడు. కథ వెనక్కి తీసుకున్నాను. ఆ పత్రికలో మళ్లీ ఏళ్ల తరబడి నా పేరు కనపడలేదు. ఆ కోపం నాకు ఈరోజుకీ చల్లారలేదు. ఎందుకంటే ఆయన అలవాటు చేసిన కథే ఇప్పుడు అందరూ రాస్తున్నారు. ఒక ఏడుపు, ఒక విలన్, చివర్లో స్టేటస్‌లో పెట్టుకోవడానికి వీలుగా ఒక వాక్యం. నీ కథ చివరి వాక్యం కూడా అలాంటిదే. తీసెయ్.

మంత్రి వాదన బలంగా రాస్తే ఏమవుతుందో చెబుతాను. బలంగా రాసినప్పుడే అది ఎక్కడ ఆగిపోతుందో కనపడుతుంది. 2025 మార్చి 27న లోక్‌సభలో ఇమిగ్రేషన్ బిల్లు మీద అమిత్ షా మాట్లాడారు. ఈ దేశం ధర్మశాల కాదు అన్నారు. చదువుకి, వ్యాపారానికి వచ్చేవాళ్లకి స్వాగతం, భద్రతకి ముప్పు తెచ్చేవాళ్లకి కాదు అన్నారు. మన పాఠకుల్లో సగం మంది దీనికి చప్పట్లు కొడతారు, కొట్టనీ. ఇప్పుడు ఆ చట్టం తీసి చదువు. శరణార్థి అంటే ఎవరో అందులో ఎక్కడా రాయలేదు. చట్టం అమల్లోకి వచ్చిన సెప్టెంబర్ 1నే పాస్‌పోర్టు, వీసా నిబంధనల నుంచి మినహాయింపుల ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఆ జాబితాలో టిబెటన్లు ఉన్నారు. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులు ఉన్నారు. 2024 డిసెంబర్ 31 లోపు పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు ఉన్నారు. నీ కథలోని తల్లి లేదు. 2021లో మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక మిజోరంలోకి వచ్చిన చిన్ జనం కూడా లేరు. వాళ్లని రానివ్వొద్దని కేంద్రం ఉత్తరం రాస్తే, వీళ్లు మా రక్తబంధువులని అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి తిరిగి రాశారు.

అంటే మన దగ్గర దయ ఉంది. చాలా ఉంది. అడిగి తీసుకునే హక్కు మాత్రం లేదు. ఎవరి మీద దయ చూపాలో ఆ ఏడాది కుర్చీలో ఉన్నవాళ్లు తేలుస్తారు. నీ కథలో మంత్రి కోటి మందికి అన్నం పెట్టామని గర్వంగా చెప్పాలి, అది నిజం కాబట్టి. "మరి ఆ తల్లికి ఎందుకు లేదు?" అని ఎవరో అనుబంధ ప్రశ్న వేయాలి. అధికారుల గ్యాలరీ నుంచి చీటీ రావాలి. ఆయన దాన్ని చదువుకుని, మరేదో చెప్పి కూర్చోవాలి. అక్కడ నువ్వు ఒక్క మాట కూడా కలపకు.

నిన్నింకో సంగతి అడుగుతాను. 2022 ఆగస్టు 17 గుర్తుందా? రోహింగ్యాలని ఢిల్లీ బక్కర్‌వాలాలో ఫ్లాట్లకి మారుస్తాం, పోలీసు రక్షణ ఇస్తాం అని కేంద్ర మంత్రి హర్‌దీప్ పురీ ట్వీట్ చేశారు. అదే రోజు హోంశాఖ అలాంటి ఆదేశమేదీ లేదంది. హోంశాఖ చెప్పిందే సరైనదని ఆయనే మళ్లీ రాశారు. ఈ రెండు ప్రకటనల మధ్య ఉన్న ఆ కొన్ని గంటల్లో, ఫోన్‌లో మొదటి వార్త చూసి సామాను సర్దుకున్న కుటుంబం ఒకటైనా ఉండదా? బల్ల గుద్దే మంత్రి కంటే ఈ మంత్రి నీకు ఎంత పెద్ద కథ ఇస్తాడో ఆలోచించు.

మన పాఠకుల సంగతి కూడా మర్చిపోకు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అన్న రాత్రి, మన వీధుల్లో ఎన్ని ఇళ్లలో లైట్లు ఆరలేదో! పిల్లలు విమానం ఎక్కాలా వద్దా అని తల్లిదండ్రులు టెన్షన్‌తో కూర్చున్నారు. మా ఉద్యోగాలు మావి, మా సరిహద్దులు మావి అన్న వాదనే అది. ఇక్కడ దానికి చప్పట్లు కొట్టే తండ్రే అక్కడి మాటకి బీపీ మాత్ర వేసుకుంటాడు. ఆ తండ్రి నీ కథ చదువుతాడు. అతన్ని తిట్టకుండా రాయి.

ఏ పత్రికకి పంపాలి, పోటీలకి పంపొచ్చా అని అడిగావు. ఆ సంగతులు తర్వాత. మంత్రి మాట్లాడే భాగం ఒక్కటే తిరగరాసి పంపు, పిల్ల ఏడుపు జోలికి వెళ్లకు. మంత్రి లేవడం దగ్గర మొదలుపెట్టి, ఆయన కూర్చోవడం దగ్గర ఆపు. మిగతా కాగితాలు నా దగ్గరే ఉంచుతున్నాను.

ఉంటాను.