ఆ మట్టి ఎత్తకండి, మీ కేసంతా అందులోనే ఉంది

ప్రశ్న: చిట్యాల దగ్గర మూతపడ్డ మందుల కంపెనీ జాగాలో 2022 నవంబర్‌లో ఎకరం కొన్నాను. కంపెనీ 2017లోనే మూతపడింది. నాకు అమ్మింది మధ్యలో కొన్న రియల్టర్. నాన్న రిటైర్మెంట్ డబ్బంతా ఇందులోనే పోశాం. అపార్ట్‌మెంట్ కోసం 2023 అక్టోబర్‌లో బోరు వేస్తే ఎర్రటి నీళ్లు, ఘాటు వాసన. తవ్వితే తుప్పు పట్టిన డ్రమ్ములు. కొనేటప్పుడు ఊరోళ్లు ‘ఆ మూల గడ్డి కూడా మొలవదు’ అన్నారు, పట్టించుకోలేదు. పైమట్టి గీకి పారేసి మొరం పోయమని బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ మూడు పేజీల ఉత్తరంలో కేసును తేల్చేది గడ్డి మాటే. రియల్టర్ వకీలు కూడా దాన్నే పట్టుకుంటాడు. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 ప్రకారం అమ్మేవాడు తనకు తెలిసిన లోపం చెప్పి తీరాలి. కాకపోతే, మామూలు జాగ్రత్తతో కొనేవాడికి బయటపడే లోపానికి ఇది వర్తించదు. బర్రెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం. మందుల కంపెనీ జాగా కొంటూ ఒక్క మట్టి పరీక్ష చేయించలేదా? గడ్డి మొలవదని వినడం వేరు, కింద డ్రమ్ములున్నాయని తెలియడం వేరు అని వాదించవచ్చు. ఊరోళ్ల మాట మాత్రం దాచకండి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మీ మిగతా నిజాలనూ జడ్జి నమ్మరు.

సేల్ డీడ్ రద్దు దావాకు మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లు గడువు. బోరు రోజునే లెక్క పెడితే 2026 అక్టోబర్. బోరు బండి వాడి బిల్లు ఉందా? తేదీ కనిపిస్తోందా?

కంపెనీ నుంచి పరిహారం, శుభ్రం చేయించడం కావాలంటే సివిల్ కోర్టు కాదు, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్, దాని చెన్నై బెంచి. అక్కడ ఐదేళ్లు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అదీ కారణం మొదట పుట్టిన నాటి నుంచి. 2017 నుంచే లెక్కేయాలంటుంది కంపెనీ. డ్రమ్ములు ఇంకా కారుతున్నాయి, నష్టం ఆగలేదన్నది మన వాదన. గెలుస్తుందని హామీ ఇవ్వను. కానీ అది నిలవాలంటే డ్రమ్ములు ఉన్నచోటే ఉండాలి.

మీ బావమరిదిని జేసీబీ దగ్గరికి రానివ్వకండి. ఆ మట్టి ఏ చెరువులోనో పోస్తే సాక్ష్యం పోతుంది, కాలుష్యానికి కారకులు మీరే అవుతారు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 15 లక్షల దాకా ఉంటుంది. అలాంటి వ్యర్థం అనుమతి ఉన్న బండిలో, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూపే మానిఫెస్ట్ కాగితంతో దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పోవాలి. భోపాల్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థం కదలడానికి 2025 జనవరి దాకా పట్టింది! ఎవరికైనా గుట్టుగా అమ్మేద్దామన్నా అదే సెక్షన్ 55 ఈసారి మీ మెడకు చుట్టుకుంటుంది.

కూల్‌డ్రింక్ సీసాలో పట్టిన నీళ్లు కోర్టులో చెల్లవు. కలుషిత స్థలాల మీద 2025 జూలైలో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి కింద కలెక్టర్‌కు, పొల్యూషన్ బోర్డుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. బోర్డు 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. శాంపిల్ వాళ్లే తీసి సీలు వేయాలి.

అదే రోజు బోర్డుకు ఆర్టీఐ పెట్టి కంపెనీ అనుమతులు, ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్నులు, మూసివేత ఫైలు అడగండి. ఎన్ని టన్నులు పుట్టాయని రాశారు, ఎన్ని బయటికి పంపారు? ఆ తేడానే మీ జాగాలో డ్రమ్ములై ఉండొచ్చు. రియల్టర్‌కు లీగల్ నోటీసు ఈ వారమే పోవాలి. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు బోరు బిల్లు మర్చిపోకండి.