ముప్పై దాటినా నాకేం వచ్చో తెలియడం లేదు: సహజ ప్రతిభను ఎలా గుర్తించాలి?

ఇలాంటి సందేహంతోనే నేనూ వ్యక్తిత్వ పరీక్షలు చాలా నింపాను. నేను రాసిన జవాబులనే కాస్త అందంగా పేర్చి నాకు తిరిగి ఇచ్చాయి, అంతే. మీరు గమనించాల్సింది మరొకటి ఉంది: ఎవరూ అడగకపోయినా మీ కన్ను దేని మీద పడుతుంది?

నేను బ్యాంకు ఉద్యోగిని. పెళ్లి శుభలేఖ చేతికొస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పు కనిపిస్తుంది. ఇంట్లో దీన్ని చాదస్తం అనేవారు. నాకు అది ఒక విద్య అనే ఊహే రాలేదు. శ్రమ లేకుండా వచ్చేది అందరికీ వస్తుందనుకుంటాం కదా.

తర్వాత తెలుగు వికీసోర్స్ పరిచయమైంది. పాత పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా స్వచ్ఛంద సేవకులు ఇంటర్నెట్‌లో పెట్టే గ్రంథాలయం అది. అక్కడ ఒక పక్క పాత పుస్తకం స్కాన్ పేజీ, మరో పక్క కంప్యూటర్ గుర్తించిన పాఠం ఉంటాయి. అచ్చు అరిగిన చోట ‘థ’ కాస్తా ‘ధ’ అవుతుంది, ‘ప’ ‘వ’గా మారుతుంది, అరసున్నలు ఎగిరిపోతాయి. రెంటినీ పోల్చి దిద్దాలి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చలోకి మారుతుంది. పైసా రాదు. అయినా రాత్రి భోజనం చల్లారిపోయేదాకా కూర్చుంటాను.

ఒక పని మనకు నిజంగా ఇష్టమో కాదో తేల్చేది అందులోని విసుగు భాగమే. ఫొటోగ్రఫీ కూడా ప్రయత్నించాను. కెమెరా పట్టుకుని ఊళ్లు తిరగడం హాయిగా ఉండేది, తీసిన ఫొటోల్లోంచి మంచివి ఏరడానికి మాత్రం ఓపిక ఉండేది కాదు. నాకిష్టం తిరగడమేనని తేలింది. కెమెరా ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంది.

ఇష్టం ముందే తెలిసి ఉండాలన్న నియమమూ లేదు. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగింది ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం. తెలుగు నేర్చుకున్నదీ ఉద్యోగానికి అవసరమయ్యే. అలా మొదలైన మనిషి కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని రాతప్రతులు పోల్చి దిద్దించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. వేమనను చదవకముందు ఆయన్ని ‘నీ అభిరుచి ఏమిటి’ అని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో!

ఉద్యోగం మానేయమని మాత్రం చెప్పను. నా ఇల్లు గడిచేది బ్యాంకు జీతంతోనే. మీ స్నేహితులు, బంధువులు ఏ పని పడితే మీకే ఫోన్ చేస్తారో ఒకసారి గుర్తు చేసుకుని ఇక్కడ రాయండి, దాన్నిబట్టి ఇంకా వివరంగా చెప్పగలను.